పాత గోడలు – కొత్త కొలువులు

ఉద్దేశం

కాలక్రమంలో అక్కరకు రాకుండా పోయిన గిడ్డంగులు, కర్మాగారాలు కళాకారులకూ చిన్న సంస్థలకూ పనితావులుగా ఎలా మారుతున్నాయో తెలియజేయడం, ఆ మార్పులోని లాభనష్టాలను వివేచించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠ్యభాగం. ఒక కట్టడాన్ని చూసినప్పుడు దాని అందాన్ని మెచ్చుకోవడం సహజం. ఆ కట్టడంలో ఎవరు పనిచేశారు, ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారు, ఆ మార్పు వలన ఎవరికి ఏమి దక్కింది అని ఆలోచించడం విద్యావంతుని లక్షణం. ఆ ఆలోచనకు ఈ వ్యాసం దారి చూపుతుంది.

పాఠం

కట్టడానికి ఆయుర్దాయం రెండు విధాలు. గోడలు నిలిచి ఉండే కాలం ఒకటి. ఏ పని కోసం ఆ గోడలు లేచాయో ఆ పని సాగే కాలం మరొకటి. ఈ రెండూ సమానంగా ఉండడం అరుదు. రేవుకు ఓడలు రావడం మానివేసినా గిడ్డంగి నిలిచే ఉంటుంది. మగ్గాల చప్పుడు ఆగిపోయినా మిల్లు పొగగొట్టం తల ఎత్తుకొనే ఉంటుంది. పని పోయి గోడలు మిగిలిన ఇటువంటి కట్టడాలను ఏం చేయాలి? కూల్చివేసి స్థలాన్ని అమ్ముకోవడం ఒక మార్గం. తాళం వేసి పురావస్తువుగా కాపాడడం రెండవ మార్గం. ఈ రెండింటి నడుమ మూడవ మార్గం ఒకటి గడచిన అరవై ఏళ్లలో ప్రపంచంలోని అనేక నగరాలలో రూపుదిద్దుకొన్నది. పాత కట్టడాన్ని కొత్త కొలువులకు నెలవు చేయడమే ఆ మార్గం.

*గిడ్డంగి – మాట, కట్టుబడి*

సరకును నిల్వచేసే ఇంటిని తెలుగువారు గిడ్డంగి అంటారు. తమిళులు కిడంగు అంటారు. తూర్పుతీరపు వర్తకంతో పాటు ఈ మాట కడలి దాటి మలయ్ భాషలో చేరి ఉంటుందనీ, అక్కడి నుండి ఐరోపా వర్తకుల నోట పడి ‘గోడౌన్’ అయి ఉంటుందనీ నిఘంటుకారుల ఊహ. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే పదకోశం ఈ సంబంధాన్ని ప్రస్తావించింది. ఆ ఊహ నిజమైతే, మన మాటే వేషం మార్చుకొని దేశాలు తిరిగి మళ్లీ మన ఇంటికి చుట్టమై వచ్చిందన్నమాట.

గిడ్డంగి కట్టుబడిలో ఒక ప్రత్యేకత ఉన్నది. నివాసగృహానికి గదులు కావాలి. గిడ్డంగికి ఖాళీ కావాలి. మూటలు ఒకదానిపై ఒకటి పేర్చాలి కనుక కప్పు ఎత్తుగా ఉంటుంది. వందల బస్తాల బరువు మోయాలి కనుక నేల దృఢంగా ఉంటుంది. సరకును అటూ ఇటూ దొర్లించాలి కనుక అడ్డుగోడలు ఉండవు. స్తంభాల మధ్య విశాలమైన చోటు ఉంటుంది. ఎండకూ వానకూ సరకు చెడకుండా గోడలు మందంగా ఉంటాయి. నదికో రైలుమార్గానికో దగ్గరగా, ఊరి నడిబొడ్డున ఉంటుంది.

కర్మాగారాల కట్టుబడిలోనూ ఇటువంటి మార్పు వచ్చింది. పూర్వం ఇంగ్లండులోని నూలు మిల్లులలో దూలాలు, స్తంభాలు కొయ్యవి. గాలిలో తేలే నార ధూళికి దీపపు నిప్పు తగిలి మిల్లులకు మిల్లులే కాలిపోయేవి. ఆ భయం నుండి పుట్టినదే ఇనుప చట్రం. ష్రూస్‌బరీ పట్టణంలో 1797లో చార్లెస్ బేజ్ రూపొందించిన అవిసెనార మిల్లు, పూర్తిగా ఇనుప చట్రంపై నిలిచిన ప్రపంచపు తొలి కట్టడంగా ప్రసిద్ధి చెందింది. నేటి ఆకాశహర్మ్యాలకు అదే తాతముత్తాత అని వాస్తు చరిత్రకారులు చెబుతారు. ఆ మిల్లు తరువాత బార్లీని మొలకెత్తించి మాల్టు తయారుచేసే కర్మాగారమైంది. 1987లో ఆ పనీ ఆగిపోయింది. దాదాపు ముప్ఫై అయిదేళ్లు మూగబోయిన ఆ కట్టడం, సుదీర్ఘమైన మరమ్మతుల అనంతరం 2022లో మళ్లీ తలుపులు తెరిచింది. నేలపై అంతస్తులో దాని చరిత్రను తెలిపే ప్రదర్శనశాల, పై అంతస్తులలో కార్యాలయాల చోటు ఏర్పడ్డాయి. బరువు మోయడానికి పుట్టిన కట్టడం ఆలోచనకు ఆశ్రయమైంది.

*చిన్న సంస్థకు పెద్ద ఇల్లు*

చిత్రకారుడు, ఛాయాగ్రాహకుడు, పుస్తకాల అట్టలు రూపొందించేవాడు, యానిమేషన్ చేసేవాడు, దుస్తుల రూపకర్త – వీరంతా సృజనాత్మక వృత్తులవారు. వీరి పెట్టుబడి ప్రధానంగా తమ బుద్ధి, తమ చేయి. ఆదాయం ఒక నెల వెల్లువ, మరొక నెల కరవు. పదేళ్ల ఒప్పందంతో, భారీ బయానాతో పెద్ద భవనంలో గది తీసుకోవడం వీరికి అసాధ్యం. ఇంటిలోనే పనిచేస్తే నలుగురితో మాట్లాడే అవకాశం ఉండదు.

అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో ప్రచురించిన నగర జీవన గ్రంథంలో ఈ విషయాన్ని లోతుగా చర్చించింది. కొత్త భవనం కట్టినవాడు తన ఖర్చు రాబట్టుకోవాలి. కనుక అద్దె ఎక్కువ అడుగుతాడు. ఆ అద్దెను స్థిరపడిన సంస్థలే ఇవ్వగలవు. ఇంకా ఫలితం తేలని కొత్త ప్రయత్నాలు పాత కట్టడాలలోనే ఊపిరి పోసుకోగలవని ఆమె వాదం. క్లుప్తంగా చెప్పాలంటే, తక్కువ అద్దె లేని చోట కొత్త ఆలోచనకు తావు లేదు.

ఈ అవసరానికి తగినట్లు ఒక కొత్త పద్ధతి వచ్చింది. గదిని ఏళ్లకు కాక నెలలకు ఇవ్వడం, మొత్తం గది అక్కరలేనివారికి ఒక్క బల్లనే ఇవ్వడం, సమావేశ మందిరం, ముద్రణ యంత్రం, అంతర్జాల సదుపాయం, టీ గది అందరికీ ఉమ్మడిగా ఉంచడం ఇందులోని ముఖ్యాంశాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2005లో బ్రాడ్ న్యూబర్గ్ ప్రారంభించిన ఉమ్మడి పనితావుతో ‘కో-వర్కింగ్’ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. సంస్థ పెరిగితే పక్క గది తీసుకోవచ్చు. తగ్గితే చిన్న గదికి మారవచ్చు. అడ్డుగోడలు లేని గిడ్డంగి ఇందుకు ఎంతో అనువైనది. తేలికపాటి తెరగోడలను నేడు ఇక్కడ, రేపు అక్కడ నిలుపుకోవచ్చు. ఇటుక గోడను తాకనక్కరలేదు.

*బర్మింగ్‌హామ్‌లోని కస్టర్డ్ ఫ్యాక్టరీ*

ఇటువంటి మార్పుకు చక్కని ఉదాహరణ బర్మింగ్‌హామ్ నగరంలో ఉన్నది. ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ వ్యాపారి భార్యకు కోడిగుడ్డు సరిపడదు. ఆమె కోసం అతడు 1837లో గుడ్డు లేకుండా మొక్కజొన్న పిండితో కస్టర్డ్ తయారుచేశాడు. భార్య మీది ప్రేమతో వండిన వంటకం పెద్ద వ్యాపారమై, డిగ్బెత్ ప్రాంతంలో విస్తారమైన కర్మాగారంగా ఎదిగింది. 1964లో తయారీ బాన్‌బరీ పట్టణానికి తరలిపోయింది. రీ నది పక్కన ఉన్న ఆ ఎర్ర ఇటుక భవనాలు క్రమంగా పాడుబడ్డాయి. చుట్టుపక్కల ఇతర పరిశ్రమలు కూడా మూతపడుతున్న కాలమది.

1980ల చివరలో బెన్నీ గ్రే అనే వ్యాపారి ఆ కట్టడాలను చేపట్టి, వాస్తుశిల్పి గ్లెన్ హోవెల్స్ సాయంతో 1990ల ఆరంభంలో వాటిని చిన్న చిన్న పనిగదులుగా మార్పించాడు. కింది అంతస్తులో దుకాణాలు, ఫలహారశాలలు; పై అంతస్తులలో కళాకారుల గదులు; నడుమ అందరూ కలిసే ముంగిలి. పేరు మాత్రం మార్చలేదు. కస్టర్డ్ వండడం ఆగి దశాబ్దాలు గడచినా అది నేటికీ ‘కస్టర్డ్ ఫ్యాక్టరీ’యే. ఆ తరువాత దఫదఫాలుగా మిగిలిన భవనాలు కూడా బాగుపడ్డాయి.

ఇక్కడ గమనించదగిన విషయం ముంగిలి. ఛాయాగ్రాహకునికి వెబ్‌సైటు చేసేవాడు కావాలి. నాటక బృందానికి గోడపత్రం గీసేవాడు కావాలి. ఊరంతా వెతకనక్కరలేకుండా వారు ఒకరికొకరు ముంగిలిలో ఎదురుపడతారు. మన ఊళ్లలో సాలెవాడ, కంసాలివీధి, కుమ్మరివాడ అని ఒక్కొక్క వృత్తివారు ఒక్కచోట నివసించడంలోని ప్రయోజనం ఇటువంటిదే. ఒకరి పనిముట్టు మరొకరికి ఎరువు దొరికేది. ఒకరి నేర్పు మరొకరి కంట పడేది.

*అద్దె అనే అల*

అయితే ఈ కథ అన్ని చోట్లా సుఖాంతం కాలేదు. న్యూయార్కులోని సోహో ప్రాంతం అందుకు సాక్ష్యం. పోతపోసిన ఇనుముతో కట్టిన అక్కడి భవనాలలో పూర్వం చిన్న కర్మాగారాలు, గిడ్డంగులు ఉండేవి. అవి ఖాళీ అవుతున్న 1960లలో చిత్రకారులు చవక అద్దెకు అక్కడ చేరారు. పెద్ద చిత్రపటాలకు ఎత్తైన కప్పులు, వెడల్పైన కిటికీల వెలుతురు అనుకూలించాయి. 1971లో నగరపాలకులు కళాకారుల నివాసాన్ని చట్టబద్ధం చేశారు. 1973లో ఆ ప్రాంతాన్ని చారిత్రక మండలంగా ప్రకటించారు. కళాకారుల వలన పేటకు పేరు వచ్చింది. పేరును వెతుక్కుంటూ ధనికులు వచ్చారు. ధనికుల వెంట ఖరీదైన దుకాణాలు వచ్చాయి. అద్దె అలలా లేచింది. ఆ అలకు మొదట కొట్టుకొనిపోయినవారు చిత్రకారులే. పేటను వెలిగించినవారికి పేటలో చోటు లేకపోయింది. సమాజ శాస్త్రవేత్త షారన్ జూకిన్ 1982లోనే ఈ పరిణామాన్ని ఒక గ్రంథంలో విశ్లేషించింది.

సౌలభ్య పద్ధతిలోనూ ఒక బలహీనత ఉన్నది. నిర్వాహక సంస్థ యజమానితో ఏళ్ల తరబడి ఒప్పందం చేసుకొంటుంది. తాను మాత్రం గదులను నెలవారీగా ఇస్తుంది. బల్లలు నిండి ఉన్నంత కాలం లాభమే. ఖాళీ అయిన నాడు రాబడి ఆగుతుంది, చెల్లింపు ఆగదు. 2010లో సోహోలోనే తొలి శాఖను తెరిచి, ప్రపంచమంతటా విస్తరించిన వీవర్క్ సంస్థ 2023 నవంబరులో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. 2020లో కోవిడ్ వ్యాపించాక కార్యాలయాలు బోసిపోవడం అందుకు గల కారణాలలో ఒకటి.

*ముంబయి మిల్లుల పాఠం*

మన దేశంలో ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ముంబయిలో ఎదురైంది. 1854లో కవాస్‌జీ దావర్ స్థాపించిన నూలు మిల్లుతో అక్కడ ఆ పరిశ్రమ మొదలైంది. పరేల్, వర్లీ, లాల్‌బాగ్ ప్రాంతాలు మిల్లుల ఊరు అనే అర్థంలో ‘గిరణ్‌గావ్’గా పేరు పొందాయి. కొంకణం నుండి వచ్చినవారితో పాటు తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలీలు కూడా ఆ మగ్గాల వద్ద చెమటోడ్చారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు 2,50,000 మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె గెలుపు చూడలేదు. అనేక మిల్లులు క్రమంగా మూతపడ్డాయి. వేలాది కార్మిక కుటుంబాలు జీవనోపాధి కోల్పోయాయి.

నగరం నడిబొడ్డున మిగిలిన ఆ భూమిని ఎవరు వాడుకోవాలి? 1991 నాటి నగరాభివృద్ధి నిబంధన మిల్లు భూములలో ఒక వంతు బహిరంగ స్థలాలకు, ఒక వంతు సామాన్యుల గృహాలకు, ఒక వంతు యజమానికి చెందేటట్లు భావించింది. 2001లో ఆ నిబంధనను సవరించి, కట్టడాలు లేని ఖాళీ భూమికే ఆ విభజనను పరిమితం చేశారు. దానితో ప్రజలకు దక్కవలసిన భాగం బాగా తగ్గింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఫీనిక్స్ మిల్లు వాణిజ్య సముదాయమైంది. మధురాదాస్, కమలా మిల్లుల ఆవరణలలో ప్రకటనల సంస్థలు, రూపకర్తల కార్యాలయాలు, ప్రసార సంస్థలు, భోజనశాలలు వెలిశాయి.

2017 డిసెంబరు 29 వేకువకు ముందు కమలా మిల్లుల ఆవరణలో, పైకప్పు మీద నడుస్తున్న భోజనశాలలలో చెలరేగిన మంటలు 14 మందిని బలిగొన్నాయి. నిప్పుకు వెరచి ఇనుప చట్రాన్ని కనిపెట్టిన చరిత్ర గల మిల్లుల ఆవరణలోనే నిప్పును లెక్కచేయకపోవడం విషాదం. పాత కట్టడానికి కొత్త పని అప్పగించేటప్పుడు రంగులు వేయడం చాలదు. పాత విద్యుత్తు తీగెలు మార్చాలి. బయటపడే దారులు, మెట్లు సరిపడా ఉండాలి. కప్పు మోయగల బరువు ఎంతో లెక్కించాలి. వికలాంగులకు దారి ఉండాలి. అందం తరువాతి మాట. ప్రాణం ముందు మాట.

*గోడలలోని నేతపోగులు*

లండన్ నగరంలో కట్లర్ వీధి దగ్గర ఈస్టిండియా కంపెనీ గిడ్డంగులు ఉన్నాయి. 1769లో మొదలైన వాటి నిర్మాణం 1820 వరకు విడతలుగా సాగింది. తేయాకు, సుగంధద్రవ్యాలు, పట్టు, నూలు వస్త్రాలు కంపెనీ గిడ్డంగులలో రాశులుగా ఉండేవి. 1833 నాటి చట్టంతో కంపెనీ వర్తకానికి తెరపడింది. గిడ్డంగులు చేతులు మారాయి. 1980 ప్రాంతంలో కొన్ని భాగాలను కూల్చి, కొన్నింటిని నిలిపి, వాటిని కార్యాలయాల సముదాయంగా మార్చారు.

ఆ కంపెనీ వస్త్రవ్యాపారంతో తెలుగునేలకు గట్టి ముడి ఉన్నది. 1611లో మచిలీపట్నంలో కంపెనీ వర్తకస్థానం ఏర్పడింది. తరువాత విశాఖపట్నం, ఇంజరం, నరసాపురం దగ్గరి మాధవాయపాలెం మొదలైన చోట్ల నేతవస్త్రాలను సేకరించేవారు. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువారి నోట ‘మడపోలం’ అయి, ఒక రకపు మెత్తని నూలుబట్టకు పేరుగా నేటికీ నిఘంటువులలో నిలిచి ఉన్నది. యంత్రాల బట్ట విజృంభించిన 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఆ కొనుగోళ్లు నిలిచిపోయాయి. నేతగాని మగ్గం మూలపడింది. ఊరి పేరు బట్టకు మిగిలింది. బట్టను దాచిన కంపెనీ గిడ్డంగి దూరదేశంలో మిగిలింది. గోడ మీద నేసినవారి పేరు లేదు.

కట్టడాన్ని కాపాడడమంటే ఇటుకలను మాత్రమే కాపాడడం కాదు. ఆ ఇటుకల మధ్య జరిగిన శ్రమను గుర్తుంచుకోవడం కూడా అందులో భాగమే. ష్రూస్‌బరీ మిల్లులో నేలపై అంతస్తును చరిత్రకు కేటాయించడంలోని వివేకం ఇదే.

*ముగింపు*

పాత కట్టడాన్ని నిలిపితే ఇటుక, సిమెంటు, ఇనుము కొత్తగా తయారుచేసే ఖర్చూ, అందుకు వెచ్చించే ఇంధనమూ ఆదా అవుతాయి. ఊరి జ్ఞాపకం చెరిగిపోకుండా ఉంటుంది. చిన్న సంస్థకు నీడ దొరుకుతుంది. ఇవన్నీ నిజమే. కానీ నిప్పు నుండి రక్షణ, అద్దెకు ఒక హద్దు, పూర్వపు శ్రామికుల స్మృతికి చోటు – ఈ మూడూ తోడైనప్పుడే ఆ మార్పు సార్థకమవుతుంది. వరంగల్లులో 1934లో నెలకొల్పిన ఆజంజాహీ మిల్లు వేలమందికి అన్నం పెట్టి, చివరకు మూతపడింది. అటువంటి కట్టడం రేపు మన ఊరిలో ఖాళీ అయినప్పుడు దానిని కూల్చాలా, నిలపాలా అనే ప్రశ్న తప్పక వస్తుంది. అప్పుడు దాని ధర ఎంత అని మాత్రమే కాక, ఇక్కడ ఎవరు పనిచేశారు, ఇకపై ఎవరు పనిచేయగలరు అని కూడా అడగగలిగిన పౌరులు ఆ ఊరికి అవసరం.

కఠిన పదాలు – అర్థాలు

నెలవు = నివాసం, ఆశ్రయం
కట్టుబడి = నిర్మాణ విధానం
బయానా = ముందుగా చెల్లించే సొమ్ము
ముంగిలి = ఇంటి ముందరి ఖాళీ స్థలం
ఎరువు = తిరిగి ఇచ్చే షరతుపై తెచ్చుకొన్న వస్తువు
వెరచి = భయపడి
వర్తకస్థానం = వ్యాపారం సాగించే కేంద్రం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. గిడ్డంగుల కట్టుబడి చిన్న సంస్థల అవసరాలకు ఏ విధంగా అనుకూలిస్తుందో వివరించండి.
2. ముంబయి మిల్లు భూముల చరిత్ర నుండి నేర్చుకోవలసిన పాఠాలను చర్చించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. కస్టర్డ్ ఫ్యాక్టరీలో ముంగిలికి గల ప్రాధాన్యం ఏమిటి?
2. సోహో ప్రాంతపు చిత్రకారులకు చోటు లేకుండా పోవడానికి కారణమేమిటి?
3. ‘మడపోలం’ అనే పేరు ఎలా వచ్చింది?

సందర్భసహిత వ్యాఖ్యలు

1. తక్కువ అద్దె లేని చోట కొత్త ఆలోచనకు తావు లేదు.
2. గోడ మీద నేసినవారి పేరు లేదు.

వ్యాకరణాంశాలు

సంధులు: జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి; పూర్వార్ధం = పూర్వ + అర్ధం – సవర్ణదీర్ఘసంధి; అత్యంత = అతి + అంత – యణాదేశసంధి.

సమాసాలు: లాభనష్టాలు – లాభమూ నష్టమూ – ద్వంద్వ సమాసం, పాత గోడలు – పాతవైన గోడలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం, కార్మిక కుటుంబాలు – కార్మికుల యొక్క కుటుంబాలు – షష్ఠీ తత్పురుష సమాసం.

కృత్యం

మీ ఊరిలో వాడుకలో లేని పాత మిల్లు, గిడ్డంగి లేదా కార్యాలయ భవనాన్ని పెద్దల తోడుతో బయటి నుండి పరిశీలించండి. అక్కడ పూర్వం పనిచేసినవారిని కలిసి, వారు చెప్పిన విషయాలతో ఒక వ్యాసం రాయండి.